బ్యాటరీ ఎన్ని రోజులకు పడుకుంటదో అదే అసలు ఆధారం: పార్క్ చేసిన కార్ల కరెంటు ఎటు పోతది?

దేవరకొండ దగ్గర బత్తాయి తోట చూసుకునే మా మేనమామకు ఒక చిన్న పెట్రోల్ కారుంది. ఎనిమిది నెలల్ల ఆ కారుకు రెండు కొత్త బ్యాటరీలు పడ్డయి. శుక్రవారం సాయంత్రం చింతచెట్టు కింద ఆపిన బండి సోమవారం పొద్దున తాళం తిప్పితే టిక్ టిక్ టిక్ అని ఆగిపోతది, డ్యాష్ బోర్డు లైట్లు మసకబారి ఆరిపోతయి, తోటల పనిచేసేటోళ్లు నలుగురు వచ్చి నెడితే గానీ కదలదు. బ్యాటరీ షాపాయన చూసి బ్యాటరీ పోయింది అన్నడు. ఊళ్లె ఎలక్ట్రీషియన్ డైనమో సరిగ చార్జింగ్ ఇస్తలేదేమో అన్నడు. సర్వీస్ సెంటర్ల కంప్యూటర్ పెట్టి చూసి ఏ ఫాల్టూ లేదన్నరు. మామ నాకు ఫోన్ చేసి "అల్లుడా, ముగ్గురు మూడు తీర్ల చెప్తున్నరు, ఇండ్ల ఎవరిది అబద్ధం?" అని అడిగిండు.

ఎవరిదీ అబద్ధం కాదు. ఒక్కొక్కరు బండిల ఒక్కో ముక్కను చూసి చెప్తున్నరు, అసలు కథ ఆ ముక్కల నడుమ ఉంది. ఇది మా మామ ఒక్కడి సమస్య కూడా కాదు. కొడుకు హైదరాబాద్ల ఉంటే కారు మిర్యాలగూడల నిలబడి ఉంటది, పెండ్లిళ్లకు పండుగలకే బయటికి తీస్తరు, లేకపోతే మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా పోయి వచ్చుడు తప్ప పెద్ద ప్రయాణం ఉండదు. అట్లాంటి బండ్లల్లనే ఈ గోల ఎక్కువ. అందుకే మొదటి నుంచి చెప్తా.

ట్యాంకు, మోటరు, కారే నల్లా

ఇంటి మీద నీళ్ల ట్యాంకును గుర్తు తెచ్చుకోండ్రి. బోరు మోటరు నింపుతది, మనం వాడుకుంటం, మల్ల మోటరు నింపుతది. పొద్దున లేచేసరికి ట్యాంకు ఖాళీ అయిందంటే కారణం మూడింట్ల ఒకటే ఉంటది. ట్యాంకే పగిలి నీళ్లు నిలుస్తలేవు, లేదా మోటరు సరిగ ఎక్కిస్తలేదు, లేదా ఎక్కడో ఒక నల్లా రాత్రంతా కారింది.

కారుల ట్యాంకు అంటే బ్యాటరీ. మోటరు అంటే ఆల్టర్నేటర్, మన దగ్గర ఇప్పటికీ డైనమో అనే అంటరు. కారే నల్లా అంటే బండి ఆపి తాళం వేసినంక కూడా ఆగకుండ బ్యాటరీ నుంచి పోయే కరెంటు, దీన్నే మెకానిక్కులు లీకేజీ అనో డ్రెయిన్ అనో అంటరు. మూడు జబ్బులకూ బయటికి కనబడే లక్షణం ఒక్కటే, పొద్దున సెల్ఫ్ ఎత్తుకోదు. అందుకే ఇంత అయోమయం.

మొదటి రెండింటిని విడదీయడం పెద్ద కష్టం కాదు. కారు బ్యాటరీల ఆరు సెల్లులుంటయి, ఒక్కోటి రెండు వోల్టుల చిల్లర, కాబట్టి నిండా చార్జ్ అయి కొన్ని గంటలు ఊరికే ఉన్న మంచి బ్యాటరీ మల్టీమీటర్ (వోల్టులు, ఆంపియర్లు కొలిచే చిన్న మీటర్) మీద 12.6 వోల్టులు చూపిస్తది. 12.2 చూపించిందంటే సగమే ఉన్నట్టు, 12 కిందికి వచ్చిందంటే దాదాపు అడుగుకు దిగినట్టు. ఇక్కడ చాలామంది పొరపడేది ఏందంటే, 12 వోల్టుల బ్యాటరీకి 12 చూపిస్తే బాగున్నట్టే కదా అనుకుంటరు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అదే మీటర్ 13.8 నుంచి 14.5 నడుమ చూపిస్తే డైనమో పని చేస్తున్నట్టు. కొత్త మోడళ్లల్ల కంప్యూటర్ అవసరాన్ని బట్టి ఈ వోల్టేజీని ఎక్కువ తక్కువ చేస్తది, అందుకే వాటి మీద ఒక్కసారి చూసి డైనమో పోయిందని తేల్చలేం.

మామ బండికి ఈ రెండూ చూస్తే డైనమో 14.2 ఇస్తున్నది, కొత్త బ్యాటరీ చార్జ్ పెట్టినంక 12.6 నిలబెడుతున్నది. ఇంక మిగిలింది కారే నల్లా.

ఆపిన బండి కూడా కొంచెం తాగుతది, అది మామూలే

తాళం వేసినంక బండిల కరెంటు పూర్తిగ ఆగిపోతదని చాలామంది నమ్మకం. పాత అంబాసిడర్ల కాలంల అది దాదాపు నిజమే. ఇప్పటి బండ్లల్ల గడియారం నడవాలె, మీరు రిమోట్ ఎప్పుడు నొక్కుతరా అని లాకింగ్ సిస్టం చెవులు రిక్కించుకొని ఉండాలె, అలారం ఉండాలె, ఇంజిన్ కంప్యూటర్ నేర్చుకున్న లెక్కలు మరిచిపోవద్దు. వీటన్నిటికీ కలిపి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా పోతే మామూలు కింద లెక్క. ఒక ఆంపియర్ల వెయ్యో వంతు ఒక మిల్లీ ఆంపియర్, అంటే 50 అంటే ఆంపియర్ల ఇరవయ్యో వంతు మాత్రమే.

ఇంకొక మాట అర్థం కావాలె. బ్యాటరీ మీద 35 ఏహెచ్ అని రాసి ఉంటది, చిన్న పెట్రోల్ కార్లకు ఎక్కువగ ఇదే సైజు, పెద్ద డీజిల్ బండ్లకు 60, 70 అట్లుంటది. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, ట్యాంకు ఎన్ని లీటర్లది అన్నట్టు. ఒక ఆంపియర్ చొప్పున వాడుకుంటే 35 గంటలు వస్తది, అర ఆంపియర్ చొప్పున అయితే 70 గంటలు. కానీ ట్యాంకు అడుగు దాకా వాడుకోలేం. సెల్ఫ్ మోటరుకు ఒక్కసారిగ నూరు ఆంపియర్లకు పైనే కావాలె, బ్యాటరీ సగానికి దిగినంక అంత జోరు ఇస్తదని నమ్మకం ఉండదు. అందుకే కింద లెక్కలన్నీ సగం పట్టుకొనే వేస్తున్న, 35 ఏహెచ్‌ల 17.5.

మీటర్ పట్టక ముందే వేసుకునే లెక్క

నేను ఇంత రాయడానికి కారణం ఈ ముక్కే. బండి ఎన్ని గంటలు నిలబడితే పడుకుంటున్నదో అది మీకు ఇప్పటికే తెలుసు. ఆ గంటలతోని 17.5ను భాగించండ్రి, వచ్చింది సుమారుగ లీకేజీ కరెంటు. దాన్ని 12తోని గుణిస్తే ఎన్ని వాట్ల వస్తువు అనేది వస్తది. ఇది కచ్చితమైన కొలత కాదు, కానీ దొంగ ఎంత ఎత్తున్నడో చెప్తది, ఎత్తు తెలిస్తే సగం మందిని వదిలేయొచ్చు.

రాత్రి పది గంటలకు ఆపిన బండి పొద్దున ఎనిమిదింటికి పడుకుందనుకుందాం. పది గంటలు. 17.5ను పదితోని భాగిస్తే 1.75 ఆంపియర్లు, అంటే 21 వాట్లు. ఇప్పుడు ఆలోచించండ్రి, కారుల 20 వాట్ల చిల్లర తాగేది ఏముంది? ముందర రెండు, ఎనుక రెండు పార్కింగ్ లైట్లు, ఒక్కో బల్బు 5 వాట్లు, మొత్తం 20. లెక్క అచ్చం అతుకుతది. లేదా ఏదన్నా రిలే (కరెంటుతోని నడిచే స్విచ్చి) అంటుకుపోయి దానికింది ఫ్యానో పంపో ఆగకుండ తిరుగుతుండాలె. అంత పెద్ద కరెంటు పోతుంటే చీకట్ల బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, బానెట్ మీద చెవి పెట్టి వింటే చాలాసార్లు దొరుకుతది.

రెండు రోజులకు పడుకునే బండి అయితే 48 గంటలు, 0.36 ఆంపియర్లు, నాలుగు వాట్ల పైచిలుకు. ఇది ఒక చిన్న బల్బు తాగేంత. డిక్కీల లైటు 5 వాట్లుంటది, డిక్కీ మూసినంక అది ఆరిందో లేదో బయట ఉన్న మనకు కనబడదు, దాని స్విచ్చి పోయిందంటే నెలల తరబడి లోపల వెలుగుతనే ఉంటది. చిన్న ఉపాయం, ఫోన్ల వీడియో పెట్టి లోపల వదిలి డిక్కీ మూసి చూడడమే. తాళం తీసినంక కూడా లోపల ఆగకుండ నడిచే స్టీరియో కూడా దాదాపు ఇంతే తాగుతది.

వారానికి పడుకుంటే 168 గంటలు, సుమారు 100 మిల్లీ ఆంపియర్లు. మామూలు 30, 40 తీసేస్తే ఎక్కువ పోయేది ఒక 60. ఈ సైజుల బల్బు లేదు. ఇది ఎక్కువగ మనం తర్వాత పెట్టించుకున్న చిన్న పరికరం. జీపీఎస్ ట్రాకర్ కావచ్చు, బండి ఆపినంక కూడా రికార్డు చేసే డ్యాష్ క్యామ్ కావచ్చు, స్టీరింగ్ కింద సాకెట్ల గుచ్చి ఫోనుకు కలిపే స్కానర్ కావచ్చు. ఆ సాకెట్ల ఒక పిన్నుకు తాళంతో పనిలేకుండ ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటది, అందుకే దాంట్ల గుచ్చి మరిచిపోయింది ఏదైనా రాత్రింబగళ్లు తాగుతనే ఉంటది.

మూడు వారాలు నిలబడి పడుకున్న బండికి? 504 గంటలు, 35 మిల్లీ ఆంపియర్లు. అంటే అసలు ఏ లీకేజీ లేదు! బండి ఎట్లుండాలో అట్లనే ఉంది, ఊరికే నిలబెట్టినందుకు దిగింది. దుబాయి నుంచి సెలవులకు వచ్చి, నెల నుంచి కదలని కారును స్టార్ట్ చేయబోయి ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకపోయేటోళ్లు ఎంతోమంది ఉంటరు. అక్కడ ఎంత వెతికినా దొరికేది ఏం ఉండదు. సర్వీస్ సెంటర్ల ఏ ఫాల్టూ లేదంటే కస్టమర్ కోపానికొస్తడు గానీ ఇట్లాంటి బండికి అది సరైన జవాబే.

మధ్యల ఒక అనుమానం తీర్చాలె. పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్ల దాటేటప్పుడు పని చేసే ఫాస్టాగ్ వల్ల బ్యాటరీ దిగుతదా అని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగిండ్రు. దిగదు. ఆ స్టిక్కర్‌కు బండి బ్యాటరీతోని సంబంధమే లేదు, టోల్ గేటు మీదున్న రీడర్ పంపే రేడియో తరంగం నుంచే అది శక్తి తీసుకొని జవాబిస్తది.

కొత్త బ్యాటరీ వేస్తే నయమైనట్టు ఎందుకు అనిపిస్తది

మామ బండిల పాత బ్యాటరీకి మూడేండ్లు దాటినయి. పేరుకు 35 ఏహెచ్ అయినా ముసలైనంక లోపల నిలిచేది 20 అనుకుందాం, సగం అంటే 10. లీకేజీ 0.38 ఆంపియర్లు (ఈ అంకె మేం తర్వాత మీటర్ మీద చూసింది). 10ని 0.38తోని భాగిస్తే 26 గంటలు, అంటే ఒక్క రోజు బండి తీయకపోతే పడుకుంటది. కొత్తది వేసినంక అదే లీకేజీకి 46 గంటలు పట్టింది, దాదాపు రెండు రోజులు. మామ రోజు విడిచి రోజు మల్లేపల్లికో దేవరకొండకో పోతనే ఉంటడు కాబట్టి రెండు రోజులు ఆగే బండి ఆయనకు ఆరోగ్యంగనే కనబడ్డది. చుట్టాల పెండ్లికని మూడు రోజులు ఇంకొకరి బండ్ల పోయి వచ్చిన నాడు మల్ల టిక్ టిక్.

ఇక్కడ ఇంకో నష్టం ఉంది, ఇది చాలామందికి తెల్వదు. కారు బ్యాటరీ అనేది ఎప్పుడూ నిండుగ ఉండి, స్టార్ట్ చేసేటప్పుడు ఒక్క క్షణం జోరుగ ఇచ్చి, వెంటనే మల్ల నిండేటట్టు తయారుచేసిన వస్తువు. దాన్ని అడుగు దాకా దింపి అట్లనే రోజులు వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సీసం సల్ఫేటు గట్టిపడుతది, ఆ గట్టిపడ్డ భాగం తర్వాత ఎంత చార్జ్ పెట్టినా పూర్తిగ తిరిగి రాదు. నాలుగైదుసార్లు అట్ల దిగితే కొత్త బ్యాటరీ కూడా నెలలల్ల ముసలిది అయితది. రెండోసారి షాపాయన టెస్టర్ పెట్టి బ్యాటరీ పోయింది అన్నడంటే అది నిజంగనే పోయింది. అది ఎట్ల పోయిందనేది ఆయన టెస్టర్ చెప్పదు.

అట్లని బ్యాటరీ షాపోళ్లను అనుమానించడం కూడా తప్పు. మన దిక్కు మే నెలల ఎండ 44 దాటే రోజులుంటయి, ఆ ఎండల ఆపిన బండి బానెట్ కింద వేడి ఇంకా ఎక్కువ. వేడికి లోపలి నీళ్లు ఆవిరైతయి, ప్లేట్లు తొందరగ తినిపోతయి. ఏం వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను కొద్దికొద్దిగ దిగుతుంటది, సుమారుగ పది డిగ్రీల వేడి పెరిగితే ఆ దిగే వేగం రెట్టింపైతది. కాబట్టి మూడేండ్లు దాటిన బ్యాటరీ ఎండకాలంల పోయిందంటే ముందు దాన్నే అనుమానించడం సబబే. కొత్త బ్యాటరీ కూడా అదే లెక్కన పడుకుంటున్నప్పుడు మాత్రం ఇంకొకటి కొనడం కంటే ముందు కరెంటు ఎటు పోతున్నదో చూడాలె.

మీటర్ పెట్టినప్పుడు మొదటి అరగంట చూపించేది నమ్మొద్దు

లీకేజీ కొలవడం అంటే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, ఆ వైరుకూ బ్యాటరీకీ నడుమ మీటర్‌ను పెట్టడం. పోయే కరెంటు అంతా మీటర్ల నుంచే పోతది, ఎంత పోతున్నదో అంకె చూపిస్తది. మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్ల పెట్టి చూస్తరు, మిల్లీ ఆంపియర్ల సాకెట్ల పెడితే మొదటి క్షణం వచ్చే జోరుకే లోపలి ఫ్యూజ్ పోతది. ఆ టైంల ఎవరన్నా పొరపాటున సెల్ఫ్ కొడితే నూరు ఆంపియర్లు ఆ సన్న వైర్లల్ల నుంచి పోతయి, మీటర్ ఖతం, చెయ్యి కాలే అవకాశం కూడా ఉంది.

మామ బండికి మీటర్ పెట్టంగనే రెండు ఆంపియర్ల పైన చూపించింది. పక్కనున్న ఎలక్ట్రీషియన్ "దొరికింది, ఇంత లీకేజీ ఉందా" అన్నడు. అప్పుడే తొందరపడొద్దు. తలుపు తెరిచి మూసినంక బండిల కంప్యూటర్లు ఒక్కొక్కటి మెల్లగ పడుకుంటయి, కొన్ని బండ్లకు పది నిమిషాలు, కొన్నిటికి అరగంట, నలభై నిమిషాలు కూడా పడుతది. బానెట్ తెరిచి ఉన్నా, తలుపు తెరిచి ఉన్నా బండి మేలుకొనే ఉంటది, అందుకే తలుపు లాక్ కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తోని నొక్కి తలుపు మూసినట్టు నమ్మిస్తరు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే బండ్లల్ల తాళంచెవి దూరంగ ఉండాలె, కొన్ని మోడళ్లకు తాళంచెవి రెండు మూడు అడుగుల దూరంల గోడకు వేలాడినా బండి మాటిమాటికి లేచి పలకరిస్తుంటది.

మేం చెట్టు కింద చాయ్ తాగి వచ్చేసరికి అంకె రెండు నుంచి 0.7కు, అక్కడి నుంచి 0.38కి దిగి ఆగింది. ఇంకో పావుగంట చూసినం, కదలలేదు. మనం ముందు వేసుకున్న లెక్కల రెండు రోజులకు 0.36 వచ్చింది కదా, మీటర్ కూడా దాదాపు అదే చెప్పింది.

ఫ్యూజ్ పీకాల్నా, పీకకుండ చూడాల్నా

ఇప్పుడు 0.38 ఏ దారిల పోతున్నదో పట్టాలె. దీనికి రెండు పద్ధతులున్నయి, రెండిట్ల ఏది మంచిదని పనోళ్లల్లనే వాదన నడుస్తది.

పాత పద్ధతి, ఫ్యూజులు ఒక్కొక్కటి పీకుతూ మీటర్ చూడడం. ఏది పీకితే అంకె పడిపోతదో ఆ లైన్ల దొంగ ఉన్నట్టు. ఎవరికైనా అర్థమైతది, పది నిమిషాల పని, పాత బండ్లకు దీన్ని మించింది లేదు. కొత్త బండ్లల్ల చిక్కేందంటే, ఫ్యూజ్ పీకి మల్ల పెట్టంగనే ఆ లైన్ల ఉన్న కంప్యూటర్ లేచి కూర్చుంటది, దాంతోని ఇంకో నాలుగు లేస్తయి, మల్ల అరగంట ఆగాలె. ఇంకా ఘోరం ఏందంటే, అంటుకుపోయిన రిలే కరెంటు ఒక్కసారి తెగంగనే విడిపోతది. లీకేజీ మాయమైతది, రెండు వారాల తర్వాత మల్ల వస్తది, అప్పటికి మీరు ఎవర్నో ఒకర్ని తిట్టుకొని ఉంటరు.

రెండోది ఫ్యూజ్ ముట్టకుండ చూసే పద్ధతి. ప్రతి ఫ్యూజ్ నెత్తి మీద రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి కనబడుతుంటయి, మీటర్ సూదులు వాటి మీద పెడతరు. ఫ్యూజ్ల నుంచి కరెంటు పోతుంటే ఆ రెండు చుక్కల నడుమ ఎంతో కొంత, మిల్లీ వోల్టుల్ల తేడా వస్తది. ఏం పోకపోతే సున్నా. 10 ఆంపియర్ల చిన్న ఫ్యూజ్ మీద ఒక మిల్లీ వోల్టు కనబడితే సుమారుగ 130 మిల్లీ ఆంపియర్లు పోతున్నట్టు. బండి నిద్ర చెడదు, రిలే కదలదు. కానీ చెయ్యి నిలకడగ ఉండాలె, మీటర్ల చిన్న అంకెలు చూపించే రేంజ్ ఉండాలె, ఒక్కో సైజు ఫ్యూజ్‌కు లెక్క ఒక్కో తీరుగ ఉంటది కాబట్టి పట్టిక దగ్గర పెట్టుకోవాలె. నా అనుభవంల రెండూ కలిపితేనే పని సాఫీగ నడుస్తది, ముందు ముట్టకుండ చూసి అనుమానం ఉన్న లైను పట్టుకొని, ఆఖరికి ఆ ఒక్కటి పీకి ఖాయం చేసుకోవడం.

మీటర్‌కు బదులు నడుమల బల్బు పెట్టి చూసే పద్ధతి కూడా మన దగ్గర ఇంకా ఉంది. పెద్ద లీకేజీ అయితే బల్బు వెలుగుతది, నిజమే. 100 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి మాత్రం అది కండ్లకు ఆననంత సన్నగ ఎర్రబడుతది, మధ్యాహ్నం ఎండల అయితే అసలు కనబడదు.

పసుపు వైరు, ఎర్ర వైరు

మామ బండిల తేడా చూపించింది లోపలి లైటు, స్టీరియో మెమొరీ రెండిటికీ కలిపి ఉన్న ఫ్యూజ్. 15 ఆంపియర్ల ఫ్యూజ్ అది, మీద 1.7 మిల్లీ వోల్టులు. పీకంగనే 0.38 కాస్తా 0.03కు పడిపోయింది. లోపలి లైటు ఆరే ఉంది, కాబట్టి స్టీరియో. ఏడాది కింద పెద్ద స్క్రీన్ ఉన్న ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించిండు మామ, పాటలకంటే మ్యాపుల కోసమే.

స్టీరియో బయటికి తీసి ఎనుక వైర్లు చూస్తే విషయం అర్థమైంది. బయట కొనే స్టీరియోలకు రెండు కరెంటు వైర్లుంటయి. పసుపుది ఎప్పుడూ బ్యాటరీతోని కలిసే ఉండాలె, టైమూ చానళ్లూ గుర్తుండడానికి. ఎర్రది తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే లైన్ల ఉండాలె, అది వస్తే స్టీరియో లేస్తది, పోతే పడుకుంటది. మామ బండిల ఆ రెండింటిని కలిపి మెలి తిప్పి, నల్ల టేపు చుట్టి, ఒకే పసుపు లైనుకు తగిలించి ఉంది. తాళం లేకున్నా పాటలు రావాలని చాలామంది కస్టమర్లే అట్ల అడుగుతరు, పెట్టేటోళ్లు అట్లనే పెట్టిస్తరు. కష్టం ఏందంటే అప్పుడు స్టీరియోకు బండి ఆగినట్టు ఎన్నడూ తెల్వదు. స్క్రీన్ బటన్ నొక్కి నల్లగ చేసినా లోపల ప్రాసెసర్ మేలుకొనే ఉంటది. టేపు విప్పుతుంటే కింద అంతా జిగురు జిగురుగ ఎండకు కరిగి ఉంది. ఎర్ర వైరును తాళం లైనుకు మార్చి, సరైన కనెక్టర్ వేసి, మల్ల అరగంట ఆగి చూస్తే మీటర్ మీద 26 మిల్లీ ఆంపియర్లు.

కంప్యూటర్ పెట్టి చూసినోళ్లకు ఇది ఎందుకు దొరకలేదు అంటే, వాళ్ల స్కానర్ కంపెనీ పెట్టిన కంప్యూటర్లను అడిగి జవాబు తీసుకుంటది. బయటి స్టీరియో ఆ కంప్యూటర్ల జాబితాల లేదు, బల్బు అసలే ఉండదు. స్కానర్‌కు ఫాల్ట్ కనబడలేదంటే కంప్యూటర్లు బాగున్నయని అర్థం, లీకేజీ లేదని కాదు.

ఫ్యూజులన్నీ పీకినా ఆగని కరెంటు

అన్ని లీకేజీలు ఇంత మర్యాదగ ఫ్యూజ్ బాక్స్ నుంచి పోవు. కొన్నిసార్లు అన్ని ఫ్యూజులు పీకి బల్ల మీద పెట్టినా మీటర్ల అంకె కదలదు. అట్లయితే కరెంటు ఫ్యూజ్ బాక్స్‌కు రాకముందే పక్కదారి పడుతున్నట్టు. ఎక్కువగ రెండు చోట్ల. ఒకటి, బ్యాటరీ టెర్మినల్‌కే నేరుగ బిగించిన హారన్లు, ఫాగ్ లైట్లు, డిక్కీల బేస్ యాంప్లిఫయర్. టెర్మినల్ మీద కంపెనీ వైర్లకంటే ఎక్కువ ఏం కనబడ్డా వాటినే ముందు అనుమానించాలె.

రెండోది డైనమో. డైనమో పుట్టించేది ఏసీ కరెంటు, దాన్ని బ్యాటరీకి పనికొచ్చే డీసీగ మార్చడానికి లోపల డయోడ్లుంటయి. డయోడ్ అంటే బావి మోటరు పైపుల పెట్టే వాల్వు లాంటిది, పోవడమే గానీ ఎనుకకు రానియ్యదు. అది పాడైతే ఇంజిన్ ఆపినంక బ్యాటరీ నుంచి కరెంటు డైనమోలకు ఎనుకకు కారుతది. పగలు చార్జింగ్ ఇచ్చే వస్తువే రాత్రి తాగుతది, వోల్టేజీ చూస్తే 14 ఉంటది, అందరూ డైనమో మంచిదే అంటరు. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ మీద మీటర్‌ను ఏసీ వోల్టుల్ల పెట్టి చూస్తే అర వోల్టు కంటే ఎక్కువ వస్తే డయోడ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఖాయం చేసుకోవడానికి బ్యాటరీ నెగటివ్ తీసినంక డైనమో పెద్ద వైరు విప్పి, మల్ల లీకేజీ కొలుస్తరు. మామ ఊరి ఎలక్ట్రీషియన్ డైనమో మీద అనుమానపడ్డది ఊరికే కాదు, ఆయన చేతుల మీదుగ ఇట్లాంటివి పోయి ఉంటయి.

డైనమో చూడ్డానికి ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు కొందరికి ఇంకా ఉంది. పాత బండ్లకు నడిచింది. ఇప్పటి బండ్లల్ల అట్ల పీకంగనే డైనమో వోల్టేజీ ఒక్కసారిగ ఎగిరి ఇంజిన్ కంప్యూటర్ కాలిపోయే ప్రమాదముంది, దయచేసి ఎవర్నీ చేయనియ్యకండ్రి.

ఇంకా మొండివి అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లీకేజీలు. వడ్ల బస్తాల పక్కన ఆపిన బండిల ఎలుకలు వైరు కొరుకుతయి, ఆ వైరు ఎండల గమ్మునుండి, వాన తడి తగిలిన రోజే బాడీకి కరెంటు వదులుతది. కొలిచిన రోజు ఏం కనబడదు. అక్కడ ఓపిక తప్ప వేరే దారి లేదు.

రాత్రి టెర్మినల్ పీకడం, వారానికోసారి స్టార్ట్ చేయడం

లీకేజీ వెతికే బదులు రోజూ నెగటివ్ పీకితే అయిపోతది కదా అనేటోళ్లు చాలామంది. ట్రాక్టరుకు, పాత జీపుకు అది మంచి ఉపాయమే, కటాఫ్ స్విచ్ పెట్టుకుంటే ఇంకా సులువు. కొత్త కార్లల్ల గడియారం, పవర్ విండో సెట్టింగులు పోతయి, రిమోట్ పని చేయదు, రోజూ విప్పి బిగిస్తే సీసం టెర్మినల్ వదులైతది. నెల రోజులు ఊరికి పోయేటప్పుడు పీకి పోవడం వేరు, రోజూ పీకడం వేరు.

వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి పెట్టు అనే సలహా అందరూ ఇస్తరు. దీన్ని కూడా లెక్కల పెట్టి చూద్దాం. మంచి బండి 30 మిల్లీ ఆంపియర్ల చొప్పున వారానికి తాగేది 5 ఏహెచ్. స్టార్ట్ చేసేటప్పుడు 150 ఆంపియర్లు రెండు సెకండ్లు పోయినా ఒక ఏహెచ్‌ల పదో వంతు కూడా కాదు, అది పెద్ద లెక్క కాదు. నిలబెట్టి నడిపినప్పుడు బ్యాటరీలకు పది ఆంపియర్లు ఎక్కినయి అనుకున్నా పది నిమిషాలకు 1.7 ఏహెచ్. పోయింది 5, వచ్చింది 1.7. నాలుగు వారాలు అట్ల చేస్తే 13 ఏహెచ్‌ల దాకా తక్కువే పడుతది. అదే నల్లగొండ నుంచి హైదరాబాద్ దాకా రెండు గంటలు పోతే బ్యాటరీ బాగానే కోలుకుంటది, ఆఖరి భాగం నిండడానికి మాత్రం ఇంకా గంటలు పడుతది, ఎందుకంటే నిండేకొద్దీ అది కరెంటును తక్కువ తక్కువగ తీసుకుంటది.

మామ బండికి మల్ల అదే లెక్క

వైరు మార్చినంక 26 మిల్లీ ఆంపియర్లే పోతున్నయి కాబట్టి 17.5ను 0.026తోని భాగిస్తే 673 గంటలు, 28 రోజులు నిలబడాలె. మామ నమ్మకంగ కూతురింటికి పోయి పన్నెండు రోజులకు తిరిగొచ్చిండు. తాళం తిప్పితే మల్ల టిక్ టిక్. ఫోన్ చేసి "ఏందల్లుడా, దొరికిందంటివి" అన్నడు, గొంతుల బాధ తెలుస్తున్నది.

పోయి మీటర్ పెట్టినం, అరగంట ఆగినం, 26 అట్లనే ఉంది. లీకేజీ తిరిగి రాలేదు. ఇప్పుడు లెక్కను తిప్పి వేసినం. 12 రోజులంటే 288 గంటలు, 0.026తోని గుణిస్తే ఏడున్నర ఏహెచ్. ఏడున్నరకే సగం దిగిందంటే ఆ బ్యాటరీల మొత్తం నిలిచేది 15. పైన 35 అని రాసి ఉంది, వేసి నాలుగు నెలలు కూడా కాలేదు, కానీ రెండు రోజులకోసారి అడుగు దాకా దిగి దిగి లోపల సగం కంటే ఎక్కువ గట్టిపడిపోయింది. షాపుకు తీసుకపోతే ఆయన టెస్టర్ పెట్టి, మొదట చెప్పిన మాటే మల్ల చెప్పిండు, బ్యాటరీ పోయింది అని. ఈసారి మామ ఏం అనలేదు, మూడోది వేయించుకొని వచ్చిండు.